మిర్‌స్కీ నోటిదూల

హైదరాబాద్ అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పుస్తకాలు పరిచే రోజుల్లో, ఎంసెట్ మెటీరియల్‌కీ పాత కంప్యూటర్ గైడ్లకీ మధ్య ఇరుక్కుని, వీపు ఊడిపోయిన ఒక రష్యన్ సాహిత్య చరిత్ర నాకు దొరికింది. ఇంగ్లీషు పుస్తకం. డి.ఎస్. మిర్‌స్కీ రాసింది. నూట ఇరవై అడిగితే ఎనభైకి తెగింది. ఇంటికొచ్చి తిరగేస్తుంటే చెహోవ్ గురించిన పేజీలో, మార్జిన్‌లో, ఎవరో పాత ఓనరు పెన్సిల్‌తో గుండ్రటి తెలుగు అక్షరాల్లో ‘కాదు’ అని రాసి కింద రెండు గీతలు గీశాడు. రెండో గీత దగ్గర మొన విరిగినట్టుంది, కాగితానికి చిన్న చిల్లు కూడా పడింది.

ఆయనకి అంత కోపం ఎందుకొచ్చిందో చదివితే తెలిసింది. చెహోవ్ భాషకి రంగూ రుచీ లేవని, మాటల మీద ఆయనకి పట్టే లేదని మిర్‌స్కీ తేల్చేశాడు. చెహోవ్‌ని! ఇంగ్లండ్‌లో చదువుకున్నవాళ్లంతా చెహోవ్‌ని నెత్తిన పెట్టుకుని ఊరేగుతున్న 1926లో, లండన్‌లో కూర్చుని, వాళ్ల భాషలోనే, వాళ్ల మొహం మీదే ఆ మాట అన్నాడు. నాకూ కోపం వచ్చింది. కానీ పుస్తకం పక్కన పెట్టలేకపోయాను. ఇంత తిక్క ఉన్న మనిషి చివరికి ఏమయ్యాడో తెలుసుకోవాలనిపించింది. అలా మొదలై పదేళ్లుగా వదల్లేదు.

గుంటూరులో ముప్పై ఏళ్లు ఇంగ్లీషు పాఠం చెప్పి రిటైరైన మాస్టారు ఒకాయనతో నెలకోసారైనా ఫోన్లో మాట్లాడుతుంటాను. ‘ఏమయ్యా, ఇంకా ఆ రాజుగారి వెంటే తిరుగుతున్నావా?’ అనేది ఆయన పలకరింపు. మిర్‌స్కీ మీద ఆయనకి రెండు అభిప్రాయాలున్నాయి, మూడ్‌ని బట్టి ఏదో ఒకటి బయటికొస్తుంది. ఒకటి, మిర్‌స్కీ కొరివితో తల గోక్కున్న అమాయకుడని. రెండోది, ఏ ఎండకా గొడుగు పట్టిన గడుసువాడని. ‘రెండూ ఒకే మనిషికి ఎలా కుదురుతాయి మాస్టారూ?’ అంటే, ‘గడుసువాళ్లే చివరికి అమాయకంగా చస్తారయ్యా’ అంటారు. మాట బాగుంది గానీ నేను ఒప్పుకోను. ఎందుకు ఒప్పుకోనో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఫోన్లో ఆయన నన్ను పూర్తిగా చెప్పనివ్వరు.

మనిషి పూర్తి పేరు ద్మీత్రి పెత్రోవిచ్ స్వ్యతపోల్క్-మిర్‌స్కీ. నిజంగానే ప్రిన్స్. 1890లో ఖార్కోవ్ ప్రాంతంలో కుటుంబ ఎస్టేట్‌లో పుట్టాడు. తండ్రి 1904లో జారు ప్రభుత్వానికి హోంమంత్రి. 1905 జనవరిలో పీటర్స్‌బర్గ్‌లో అర్జీ పట్టుకుని ఊరేగింపుగా వచ్చిన జనం మీద సైన్యం కాల్పులు జరిపింది చూడండి, ఆ నెత్తుటి ఆదివారం తర్వాత ఆయన పదవి పోయింది. కొడుకు మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడాడు, అంతర్యుద్ధంలో బోల్షెవిక్‌లకి ఎదురు నిలిచిన తెల్లసైన్యం వైపు ఉన్నాడు, ఓడిపోయాక దేశం వదిలాడు. 1922 నుంచి పదేళ్లు లండన్‌లో స్లావోనిక్ స్టడీస్ స్కూల్లో రష్యన్ సాహిత్యం చెప్పాడు. 1926లో ఒకటి, 1927లో ఒకటి, రెండు సంపుటాలుగా రష్యన్ సాహిత్య చరిత్ర ఇంగ్లీషులోనే రాశాడు. మెచ్చుకోవడంలో పరమ పిసినారి అయిన నవలాకారుడు నబొకోవ్ కూడా ఆ పుస్తకాన్ని మెచ్చుకున్నాడంటే అంతకంటే సర్టిఫికెట్ అక్కర్లేదు.

ఇక్కడిదాకా ఆయన రష్యన్ సాహిత్యాన్ని ఇంగ్లీషువాళ్లకి చెప్పిన మనిషి. తర్వాత అయిదేళ్లు, 1932 నుంచి 1937 దాకా, మాస్కోలో కూర్చుని ఇంగ్లీషు సాహిత్యాన్ని రష్యన్లకి చెప్పాడు. అంటే సోవియట్ ఆంగ్ల సాహిత్య పండితుడు. ఈ అయిదేళ్లనీ లోకం ఒక్క వాక్యంలో కొట్టేస్తుంది. లండన్ మిర్‌స్కీ గొప్పవాడు, మాస్కో మిర్‌స్కీ పాడైపోయినవాడు, అంతే. నేననేది, మనిషి మారలేదు అని. అదే చదువు, అదే కన్ను, అదే నోటిదూల. మారింది ఊరు. లండన్‌లో ఒక తీర్పు చెబితే ఎవరో ఒకరు మొహం మాడ్చుకుంటారు, మహా అయితే మార్జిన్‌లో పెన్సిల్ మొన విరుగుతుంది. మాస్కోలో విమర్శకుడు వాక్యం ముగిస్తే దాన్ని పోలీసు అందుకుంటాడు.

లండన్‌లో ఆ నోరు ఎలా నడిచిందో ఒక ఉదాహరణ. కవయిత్రి మరీనా త్స్వెతాయెవాకి టాలెంట్ ఉంది గానీ అదుపూ ఆజ్ఞా లేని మాస్కో మనిషని మొదట్లో కొట్టిపారేశాడు, 1924లో తను వేసిన రష్యన్ కవితల సంకలనంలో చోటు కూడా ఇవ్వలేదు. రెండేళ్లు తిరిగేసరికి ఆవిడ కవిత్వానికి దాసోహం అయిపోయి, 1926 మార్చిలో పారిస్ నుంచి లండన్‌కి పిలిపించి, రెండు వారాలు తనే దగ్గరుండి చూసుకున్నాడు. ఆవిడ పేరు కూడా ఉన్న ‘వ్యోర్‌స్తి’ అనే పత్రికని మిత్రులతో కలిసి నడిపాడు. చూడండి, మాట అన్నాడు, తప్పని తెలుసుకున్నాడు, వెనక్కి తీసుకున్నాడు, ఈ మధ్యలో ఎవరి ప్రాణమూ పోలేదు. విమర్శ అనేది మనుషులు చేసే పనిగా ఉండాలంటే ఈ మాత్రం వెసులుబాటు కావాలి. దాన్ని ఆయన చేతులారా వదులుకున్నాడు, అది నిజం.

ఎందుకు వదులుకున్నాడంటే, లెనిన్ జీవితచరిత్ర రాసిపెట్టమని లండన్‌లో ఒక పని వచ్చింది. దానికోసం లెనిన్‌ని చదువుతూ చదువుతూ మార్క్సిస్టు అయిపోయాడు. నాకు నవ్వూ వస్తుంది, గౌరవమూ కలుగుతుంది. డబ్బు కోసం ఒప్పుకున్న పుస్తకం రాస్తూ మతం మార్చుకున్న రచయితలు ఎంతమంది ఉంటారు? 1931లో బ్రిటిష్ కమ్యూనిస్టు పార్టీలో చేరాడు. గోర్కీతో అంతకుముందే పరిచయం, ఇటలీలో ఆయన ఇంటికి వెళ్లొచ్చాడు. ఆ గోర్కీ సాయంతోనే 1932 సెప్టెంబరులో సోవియట్ యూనియన్ చేరాడు.

వెళ్లే ముందు ఆ వేసవిలో ఇంగ్లీషు నవలాకారిణి వర్జీనియా వుల్ఫ్‌తో ఒక పూట భోజనం. ఆ సంగతి ఆవిడ డైరీలో ఉంది. నేను ఈ విషయంలో చదివినవాటిల్లో మర్చిపోలేనిది అదే. మాటని కొరికి కొరికి బయటికి తీసే నోరు, పచ్చబడి వరస తప్పిన పళ్లు, నుదుటి మీద ముడతలు, ఏళ్ల తరబడి ఇంగ్లండ్‌లో బోర్డింగ్ ఇళ్లల్లో అద్దెగదుల బతుకు, ఇప్పుడు ‘శాశ్వతంగా’ రష్యాకి. ఆయన కళ్లు ఒక్కసారి వెలిగి మళ్లీ ఆరిపోతుంటే చూస్తూ, త్వరలో నీ తలలోంచి ఒక తూటా పోతుంది అని మనసులో అనుకున్నానని రాసుకుంది. అనుకుంది గానీ అనలేదు. అంటే మాత్రం ఆగేవాడా!

మాస్కోలో ఆయన చేసిన మొదటి పెద్ద పని ఇంగ్లీషు మేధావుల మీద పుస్తకం. 1934లో రష్యన్‌లో వచ్చింది, మరుసటి ఏడాది లండన్‌లో గొలాంజ్ సంస్థ ఇంగ్లీషులో వేసింది, పేరు ‘గ్రేట్ బ్రిటన్ ఇంటెలిజెన్షియా’. నిన్నమొన్నటిదాకా ఎవరి ఇళ్లల్లో టీ తాగాడో వాళ్లందరినీ వరసపెట్టి దులిపేశాడు. వుల్ఫ్, లారెన్స్, హక్స్‌లీ, ఎలియట్, ఎవర్నీ వదల్లేదు. ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చేశాడని మాస్టారి అభియోగం. సరే, మర్యాద తక్కువ పనే. కానీ ఆర్వెల్ ఆ పుస్తకం గురించి రాసినప్పుడు, విషం ఉందంటూనే సామర్థ్యమూ ఉందన్నాడు. పొగడ్తకీ తిట్టుకీ ఆర్వెల్ ఎంత లెక్కగా ఖర్చుపెడతాడో తెలిసినవాళ్లకి అది చిన్నమాట కాదని తెలుసు. పైగా ఆ పుస్తకం వల్ల వుల్ఫ్‌కి గానీ ఎలియట్‌కి గానీ జరిగిన నష్టమేమిటి? కాస్త చికాకు. అంటే అది మాస్కోలో కూర్చుని రాసిన లండన్ పుస్తకం, తీర్పు వినేవాళ్లు క్షేమంగా థేమ్స్ ఒడ్డునే ఉన్నారు.

ఎలియట్ సంగతి చూడండి. ఎలియట్ కవిత్వంతో బూర్జువా కవిత్వం అంతమవుతోందని మిర్‌స్కీ వాదన, లండన్‌లో ఉండగానే మొదలుపెట్టాడు, మాస్కోలో పూర్తిచేశాడు. పైపైన చూస్తే మామూలు పార్టీ తిట్టు. లోపలికి పోతే అది తిట్టు కాదు. ఎలియట్ నిజమైన మహాకవి, తన వర్గం చచ్చిపోతోందని నిజాయితీగా పాడాడు, అందుకే అతన్ని చదవాలి అంటున్నాడు. శవయాత్ర అని పేరుపెట్టి సన్మానం చేయడం అన్నమాట. ఆ ఊళ్లో ఎలియట్ పేరు అచ్చులో కనపడాలంటే వేరే దారి లేదు కాబట్టి అలా చేశాడు అని ఆయన్ని వెనకేసుకురావచ్చు. నేను అలా అనను. ఆయన ఆ శవయాత్రనీ నమ్మాడు, ఆ సన్మానాన్నీ నమ్మాడు. ఐరిష్ నవలాకారుడు జాయిస్ దగ్గరకొచ్చేసరికి మాత్రం కఠినంగా ఉన్నాడు. సోవియట్ రచయితలు జాయిస్ దగ్గర నేర్చుకోవాల్సింది లేదని, ఉందన్న నాటకకర్త విష్నెవ్‌స్కీతో వాదనకి దిగాడు. నా లెక్కలో అక్కడ మిర్‌స్కీ తప్పు, విష్నెవ్‌స్కీ రైటు. అయితే 1934 రచయితల మహాసభలో పార్టీ మనిషి రాదెక్ జాయిస్ ‘యులిసీస్’ని పురుగులు పాకే పేడకుప్పతో పోల్చాడు కదా, దానితో పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరు పుస్తకం చదివి మాట్లాడారో ఎవరు చదవకుండా మాట్లాడారో తెలిసిపోతుంది. ఆ నవలలో పది అధ్యాయాలు 1935, 36ల్లో ఒక మాస్కో పత్రికలో అనువాదంగా వచ్చి ఆగిపోయాయి. ఆ అనువాదకుల బృందంలో ముఖ్యుడు అరెస్టై ఖైదీల శ్రమశిబిరంలో పోయాడు. పూర్తి రష్యన్ ‘యులిసీస్’ 1989 దాకా పాఠకుడికి అందలేదు.

ఇక్కడ మనవైపు మాట ఒకటి. విశాలాంధ్ర షాపుల్లో మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు కొనుక్కుని పెరిగిన తరం మాది. నున్నటి కాగితం, గట్టి అట్ట, చవక ధర. అందరం ముందుమాట దాటేసి కథలోకి దూకేవాళ్లం. ఆ ముందుమాటల్లో ఫలానా రచయిత తన వర్గపు పరిమితులను అధిగమించలేకపోయినప్పటికీ అని ఒక వాక్యం తప్పకుండా ఉండేది. అదే వాక్యం తర్వాత మన పత్రికల్లో తెలుగు విమర్శకుల చేతుల్లో కూడా చూశాను, తెలుగు కవుల మీద. అప్పట్లో అది టోల్‌గేట్ దగ్గర కట్టే రుసుము అని తెలియదు. ముందుమాటలో ‘అయినప్పటికీ’ కడితే వెనకాల మూడొందల పేజీల నవల గేటు దాటి వస్తుంది. సోవియట్ యూనియన్‌లో విదేశీ సాహిత్య పండితుల జీవితాలు చాలావరకు ఆ గేటు దగ్గరే గడిచాయి. ఎవరు ఎంత కట్టారు, కట్టి ఏం దాటించారు అన్నదే వాళ్లని కొలవడానికి న్యాయమైన కొలత అని నాకనిపిస్తుంది. ఇంకో కొలత ఉంటే చెప్పండి.

ఇప్పుడు ‘ఏ ఎండకా గొడుగు’ సంగతి. ఈ అభియోగం మాస్టారిది మాత్రమే కాదు. 1930ల్లో మాస్కోలో ఉన్న మగరిడ్జ్ అనే ఇంగ్లీషు విలేకరి ఒక జోకు చెప్పాడు, ఇప్పటికీ తిరుగుతోంది. జారు కాలంలో ప్రిన్స్‌గా, పెట్టుబడిదారీలో ప్రొఫెసరుగా, కమ్యూనిజంలో రచయితగా, మూడు రాజ్యాల్లోనూ కష్టపడకుండా బతికిన ఘనుడట మిర్‌స్కీ. జోకు మంచిదే. కానీ గొడుగు పట్టేవాడు ఎండ ఎటుందో చూస్తాడు కదా? 1934 వేసవిలో ఈయన చేసిన పని చూడండి. అలెగ్జాండర్ ఫదేయెవ్ అప్పటికే పెద్ద పేరు, పార్టీలో పలుకుబడి, తర్వాత రచయితల సంఘానికి అధిపతి కాబోతున్నవాడు. ఆయన ‘ఉదెగేలలో చివరివాడు’ అని ఒక పెద్ద నవల భాగాలు భాగాలుగా అచ్చువేస్తున్నాడు. మిర్‌స్కీ దాన్ని చదివి, బాగోలేదని లిటరేచర్ గెజెట్ అనే పత్రికలో రాశాడు. ఉద్దేశం పెద్దది, పని కుదరలేదు అని.

దేశంలోకి వచ్చి రెండేళ్లు కాలేదు. వెనకాల తెల్లసైన్యం, ముందుపేరు ప్రిన్స్, నాన్న జారు హోంమంత్రి. ఎదుట కమ్యూనిస్టు రచయితల్లో అగ్రశ్రేణివాడు. గొడుగు పట్టడం తెలిసిన మనిషి ఎవడైనా ఆ నవలని పొగుడుతాడు, లేదా జలుబు చేసిందని ఊరుకుంటాడు. ఈయన మాత్రం లండన్‌లో చెహోవ్‌ని అన్నట్టే, అంతే తేలిగ్గా, ఇక్కడ ఫదేయెవ్‌ని అన్నాడు. వెంటనే అందరూ మీద పడ్డారు. అప్పుడు గోర్కీ పార్టీ పత్రిక ప్రావ్దాలో అడ్డం వచ్చాడు. పెద్దింట్లో పుట్టడమనే నేరం చేసినవాడు కమ్యూనిస్టు రాసిన పుస్తకాన్ని విమర్శించడమేమిటని అరుస్తున్నారే అని ఎద్దేవా చేశాడు. ఆ ఎద్దేవాతో గొడవ సద్దుమణిగింది, కానీ మర్చిపోయినవాళ్లెవరూ లేరు. గోర్కీ 1936 జూన్ 18న పోయాడు. మిర్‌స్కీని ఏడాది తిరక్కుండా 1937 జూన్ మొదట్లో తీసుకుపోయారు. ఆ నవల ఫదేయెవ్ ఎప్పటికీ పూర్తి చేయలేదు. స్టాలిన్ పోయాక, శిబిరాల నుంచి మనుషులు తిరిగి రావడం మొదలయ్యాక, 1956 మేలో తుపాకీతో కాల్చుకున్నాడు.

కాబట్టి గడుసువాడన్న అభియోగం నిలవదు. ఫోన్లో ఇంతదాకా వచ్చేసరికి మాస్టారు కాసేపు ఆగి, ‘మరి ఆ కాలువ పుస్తకం?’ అన్నారు.

ఆ కాలువ పుస్తకం. తెల్లసముద్రానికీ బాల్టిక్‌కీ మధ్య రెండొందల కిలోమీటర్ల పైచిలుకు కాలువని లక్షమందికి పైగా ఖైదీల చేత, ఎక్కువభాగం పారలు, గడ్డపారలు, చెక్కబండ్లతో, ఇరవై నెలల్లో తవ్వించారు. వేలమంది అక్కడే పోయారు. 1933 ఆగస్టులో నూట ఇరవై మంది రచయితలని తీసుకెళ్లి చూపించారు, మంచి భోజనాలు పెట్టారు. వాళ్లలో ముప్పై ఆరుగురు కలిసి ఒక పుస్తకం రాశారు. శ్రమ మనిషిని ఎలా బాగుచేస్తుందో అని. గోర్కీ ఒక సంపాదకుడు. మిర్‌స్కీ ఆ ముప్పై ఆరుగురిలో ఒకడు. వాక్యాలు అందరివీ కలిపేసి కుట్టారు గనక ఏది ఎవరిదో విడదీయడం కష్టం, ఆ కలపడంలోనే ఉంది సౌకర్యం. చెహోవ్ భాషలో రంగు లేదని పట్టుకున్న కన్నుకి ఆ గట్టు మీద మనుషుల మొహాల్లో రంగు లేదని కనపడలేదా? నా దగ్గర జవాబు లేదు మాస్టారూ అన్నాను. నోటిదూల ఉన్న మనిషి నోరు మెదపాల్సిన చోట ఒకే ఒక్కసారి బృందగానంలో కలిశాడు. ఆయన చేసినవాటిల్లో నేను క్షమించలేనిది ఇదొక్కటే. ఎలియట్ మీద ‘అయినప్పటికీ’ టోల్‌గేట్ రుసుము అనుకుందాం, ఆ రుసుముతో ఒక కవి గేటు దాటాడు. ఈ పుస్తకంతో దాటింది ఎవరు?

‘మరి వేరేవాళ్లు అదే ఊళ్లో మర్యాదగా పని చేసుకోలేదా?’ అని మాస్టారి తర్వాతి ప్రశ్న. చేసుకున్నారు. రష్యన్ చిత్రకారుడు సెరోవ్ గీసిన ‘మీకా మొరోజొవ్’ చిత్రం మీరు ఎక్కడో చూసే ఉంటారు. తెల్ల చొక్కా వేసుకున్న నాలుగేళ్ల పిల్లాడు, కుర్చీలోంచి ఉరకబోతూ, గుండ్రటి కళ్లు. లక్షాధికారి ఇంటి పిల్లాడు. ఆ పిల్లాడే పెద్దయి సోవియట్ యూనియన్‌లో పేరున్న షేక్‌స్పియర్ పండితుడు మిఖాయిల్ మొరోజొవ్ అయ్యాడు, 1952లో మామూలుగా చనిపోయాడు. ఇంకో షేక్‌స్పియర్ పండితుడు అలెగ్జాండర్ అనిక్‌స్ట్ తండ్రిని 1938లో కాల్చేశారు, విదేశీ భాషల ఇన్‌స్టిట్యూట్ పెట్టిన తల్లిని అరెస్టు చేశారు. కొడుకు ఇంగ్లీషు సాహిత్య చరిత్ర రాశాడు, 1957 నుంచి 1960 మధ్య ఎనిమిది సంపుటాల షేక్‌స్పియర్‌కి స్మిర్నొవ్‌తో కలిసి సంపాదకత్వం వహించాడు. వీళ్లంటే నాకు గౌరవం ఉంది. కానీ ఒకటి గమనించాలి. షేక్‌స్పియర్ చనిపోయి అప్పటికే మూడొందల ఏళ్లు దాటింది, పైగా మార్క్స్ ఇంట్లో పిల్లలతో సహా అందరికీ ఇష్టమైన రచయిత. అంతకంటే మంచి గొడుగు లేదు. ఈ గొడుగు మాట తిట్టుగా అనడం లేదు, వాన కురుస్తున్నప్పుడు గొడుగు తప్పు కాదు. మిర్‌స్కీ మాత్రం బతికున్న ఇంగ్లీషు కవుల మీద పని ఎంచుకున్నాడు. నిన్న మిత్రుడనుకున్న ఇంగ్లీషు కవి రేపు ఫాసిస్టు అని తేలొచ్చు, మరుసటి నాడు పొగిడినందుకు నువ్వు గూఢచారివి కావచ్చు.

గొడుగు కూడా అందరినీ కాపాడలేదులెండి. లెనిన్‌గ్రాద్‌లో తత్యానా గ్నేదిచ్ అని ఇంగ్లీషు కవిత్వం చెప్పే ఆవిడ ఉండేది. 1944 చివర్లో అరెస్టు చేశారు. ఆవిడకి బైరన్ ‘డాన్ జువాన్’ సర్గలు కంఠతా వచ్చు. విచారణ గదిలో వాంగ్మూలం రాయమని ఇచ్చిన కాగితం వెనకవైపు, చీమతలకాయంత అక్షరాలతో, వాంగ్మూలానికి బదులు బైరన్‌ని రష్యన్‌లోకి తిప్పుతూ పోయింది, కాగితం మీద ఖాళీ లేకుండా. ఇదేమిటని అధికారి అడిగి, చదివి, పుస్తకమూ నిఘంటువూ కాగితాలూ తెప్పించి సెల్‌లో పెట్టించాడట. రెండేళ్లలో దాదాపు పదహారు వేల పాదాలూ పూర్తిచేసింది. తర్వాత ఎనిమిదేళ్లు శిబిరం. 1959లో పుస్తకంగా వచ్చింది. ఈ కథని ఆవిడ మిత్రుడు, పండితుడు ఎత్కిండ్ రాశాడు. నేను చదివిన ప్రతిసారీ ఆ కాగితం దగ్గరే ఆగిపోతాను. ముందువైపు ‘నిందితురాలి వాంగ్మూలం’ అన్న అచ్చు అక్షరాలు, వెనకవైపు బైరన్.

మిర్‌స్కీకి అలాంటి అధికారి దొరకలేదు. గూఢచర్యం అనుమానం మీద ఎనిమిదేళ్లు వేశారు, నిరూపణ కాదు, అనుమానం. ఈశాన్య సైబీరియాలో శిబిరాలున్న కొలీమాకి పంపారు. 1939 జూన్ మొదటి వారంలో మగదాన్ దగ్గర పని చేయలేనివాళ్లని ఉంచే శిబిరంలో చనిపోయాడు. వుల్ఫ్ ఊహించిన తూటా కాదు, దానికంటే మెల్లగా. అదే నెల 18న త్స్వెతాయెవా పారిస్ నుంచి మాస్కో చేరింది. లండన్‌లో తనకి ఆతిథ్యమిచ్చిన మనిషి కొద్దిరోజుల ముందే పోయాడని ఆవిడకి ఎవరు చెబుతారు? రెండేళ్లకి ఆవిడ కూడా ఉరిపోసుకుంది.

కొరివితో తల గోక్కున్నాడన్న మాట మిగిలింది. దీనికి నా జవాబు చిన్నది. ఎలా చనిపోయాడన్నదాన్ని బట్టి ఒక పండితుడి పనిని కొలవకూడదు. అంత్యం బాగుంటే వివేకి, బాగోకపోతే మూర్ఖుడు అనడం జాతకాలు చెప్పేవాళ్ల పని. అయిదేళ్లలో గేటు దాటించినదేమిటో చూడాలి. దానికి రుజువు ఒక పుస్తకం, 1937లో లెనిన్‌గ్రాద్ నుంచి వచ్చిన కొత్త ఇంగ్లీషు కవిత్వ సంకలనం. బ్రౌనింగ్ దగ్గర మొదలుపెట్టి ఆనాటి కుర్రకవి ఆడెన్ దాకా. ఏ కవితలు ఉండాలో ఎంచింది మిర్‌స్కీ, పనిచేసింది లెనిన్‌గ్రాద్‌లోని అనువాదకులతో. పుస్తకం సిద్ధమయ్యేసరికి మనిషి జైల్లో ఉన్నాడు. ఆ పరిస్థితుల్లో మామూలుగా పుస్తకాన్నే గుజ్జు చేసేస్తారు. దీన్ని మాత్రం ఎలాగో బతికించారు. మిర్‌స్కీ పేరు తీసేసి టైటిల్ పేజీ మీద ఎం. గుట్నర్ అని వేశారు, తన పేరు ఇచ్చిన గుట్నర్ అప్పటికి ఇరవైల్లో ఉన్న కుర్రాడు. లండన్‌లో త్స్వెతాయెవాకి చోటివ్వని సంకలనంతో నోరుపారేసుకున్న మనిషి, మాస్కోలో తన పేరుకే చోటులేని సంకలనం చేశాడు. అందులో ఒక్క తిట్టు వాక్యం కూడా ఆయన పేరు మీద లేదు, కవితలే ఉన్నాయి.

పాతికేళ్ల తర్వాత లెనిన్‌గ్రాద్‌లోనే ఒక యువకుడు ఆ పుస్తకంలో ఆడెన్‌ని మొదటిసారి రష్యన్‌లో చదివాడు. ఆ యువకుడు కవి జోసెఫ్ బ్రోద్‌స్కీ. చాలా ఏళ్ల తర్వాత అమెరికాలో, ఆడెన్ మీద ఇంగ్లీషులో రాసిన వ్యాసంలో, ఆ సంకలనాన్ని గుర్తుచేసుకున్నాడు. బ్రౌనింగ్ నుంచి మన రోజుల దాకా అని ఉంటుందని, ఆ ‘మన రోజులు’ 1937 అని, దాని సంపాదకుడూ అనువాదకులూ చాలామంది తర్వాత అరెస్టయ్యారని రాశాడు.

ఆ పేరా నేను మాస్టారికి ఫోన్లో చదివి వినిపించాను. ‘సంపాదకుడి పేరు ఏమని రాశాడు?’ అని అడిగారు.

గుట్నర్ అనే రాశాడు మాస్టారూ, అన్నాను.